రైల్లో సైకిలాయన

శివశంకర్‌కు ఎడమ కన్ను కనిపించదు. ఏడేళ్లప్పుడు కందిచేలో పరిగెత్తుతూ పడితే కోసిన కందిమోడు గుచ్చుకుంది. బయటికి కన్ను మామూలుగానే ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకు తెలియదు. ఎడమవైపు నుంచి ఎవరైనా పలకరిస్తే మాత్రం తల మొత్తం అటు తిప్పి చూస్తాడు. ఆ తిప్పడం చూసి, ఈ మనిషికి పొగరు అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

ఆ కన్ను వల్ల మోటారు బండి నేర్చుకోలేదు. పెళ్లి కాకపోవడానికీ అదే కారణం. సంబంధాలు రాకపోలేదు. అంతా కుదిరింది అనుకునే వేళకు ఎవరో ఒకరు అవతలివాళ్ల చెవిన వేసేవాళ్లు. నలభై దాటాక ఆ మాట ఎత్తేవాళ్లు కూడా లేకపోయారు. తల్లి పోయాక ప్రొద్దుటూరులో రెండు గదుల ఇంట్లో ఒక్కడే మిగిలాడు. ఒకసారి వండుకుని రెండు పూటలా తినేవాడు. రాత్రి రేడియో పెట్టుకుని, వినకుండా పడుకునేవాడు.

అతని పని ఫోటోలకు ఫ్రేములు కట్టడం. నారాయణ అనే పెద్దాయన షాపులో పడుచుదనం నుంచీ అదే పని. ప్రొద్దుటూరులో అద్దెలు పెరిగిపోయి నారాయణ తన షాపును సొంతూరు జమ్మలమడుగుకు మార్చుకున్నాడు.

"వస్తావా శివా, లేకుంటే ఈడ్నే యాడన్నా చూసుకుంటావా?" అని అడిగాడు.

శివశంకర్ వస్తానన్నాడు. అద్దం కోయడం, చట్రం మూలలు అతకడం తప్ప అతనికి ఇంకో పని రాదు. కొత్త మనిషి దగ్గర చేరి కన్ను సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పుకునే ఓపికా లేదు.

అయితే బస్సెక్కితే అతనికి కడుపులో తిప్పుతుంది. మొదటి వారమంతా కిటికీలోంచి తల బయట పెట్టి ప్రయాణం చేశాడు. షాపు చేరాక గంటసేపు ఏ పనీ సాగేది కాదు. అప్పటికి ఎర్రగుంట్ల నుంచి నంద్యాలకు వేసిన కొత్త లైను మీద బండ్లు తిరుగుతున్నాయి. రైల్లో అతనికి ఏ బాధా లేదు. కాకపోతే ప్రొద్దుటూరు స్టేషను ఊరికి దూరం. జమ్మలమడుగు స్టేషనూ ఊరవతలే. రైలు దిగినవాళ్లు ఆటో నిండేదాకా ఎండలో కూర్చోవాలి. ఒకనాడు పొద్దున శివశంకర్ తన పాత సైకిలు తొక్కుకుంటూ స్టేషనుకు వచ్చి, దాన్ని బయట వదలకుండా నడిపించుకుంటూ ప్లాట్‌ఫారం మీదికి తెచ్చేశాడు.

బండి ఆగింది. తలుపు దగ్గర పాలక్యాన్లు, పూలగంపలు, నిలబడ్డ మనుషులు. సైకిలు ముందు చక్రం మెట్టు మీద పెట్టగానే లోపలి నుంచి గొణుగుడు మొదలైంది.

"యాడికప్పా దాన్ని? మనుషులకే దావ లేదు ఈడ."

"రైలు మధ్యలో నిలబడిపోతే తొక్కుకుంటా పోయేకి తెచ్చినాడేమో లే."

నవ్వులు వినిపించాయి. శివశంకర్ చక్రం వెనక్కి తీసుకోబోయాడు. అప్పుడు లోపలి నుంచి ఒక చెయ్యి వచ్చి సైకిలు హ్యాండిలు పట్టుకుంది. నల్లటి నూనె మరకలున్న లావాటి చెయ్యి.

"నాకియ్యి. నువ్వు ఎనక చక్రం ఎత్తు. తొందరగా కానీ, బండి కదుల్తాంది."

ఆ చెయ్యి ఫరూఖ్‌ది. ఎర్రగుంట్లలో ఉంటాడు. గ్యాస్ పొయ్యిలు, కుక్కర్లు, మిక్సీలు బాగు చేస్తాడు. జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెలన్నీ సైకిలు మీద తిరిగే మనిషి. అతను కూడా సైకిలు రైల్లోనే తెస్తాడు. దాని వెనక రేకుపెట్టె, పెట్టె మీద కుక్కర్ రబ్బర్ల కట్ట. లోపల మరుగుదొడ్డి గోడకు ఆనించిన ఆ సైకిలు మీదికి శివశంకర్ సైకిలును కూడా వాల్చి, రెండింటికీ కలిపి తాడు చుట్టాడు.

"రోజూ తెస్తావా?" అని అడిగాడు ఫరూఖ్.

"తెద్దామనే."

"అయితే రోజూ ఈ బోగీలోనే ఎక్కు. గార్డు అడిగితే నేను మాట్లాడ్తా. ఆయప్ప ఇంట్లో పొయ్యి నేనే బాగు చేసింది."

అంతే. ఆ రోజు నుంచి ప్రొద్దుటూరులో బండి ఆగే వేళకు ఫరూఖ్ తలుపు దగ్గర నిలబడి ఉండేవాడు. చెయ్యి చాచేవాడు. ఇద్దరి మధ్యా సైకిలు పైకి లేచేది. జమ్మలమడుగులో దిగి, ఊరి దాకా పక్కపక్కన తొక్కుతూ వచ్చేవాళ్లు. ఫరూఖ్ ఎప్పుడూ కుడివైపునే ఉండేవాడు. శివశంకర్ కన్ను సంగతి చెప్పలేదు, అతను అడగలేదు. మూడో రోజు నుంచే అతను కుడివైపుకు వచ్చేశాడు. ఊళ్లోకి వచ్చాక ఫరూఖ్ పల్లెల దారి పట్టేవాడు, ఇతను షాపుకు పోయేవాడు. మళ్లీ సాయంత్రం బండికి కలిసేవాళ్లు.

ఫరూఖ్ మాటకారి. ఏ పల్లెలో ఏ అత్తాకోడళ్లు ఒకే పొయ్యి కోసం కొట్టుకున్నారో, ఏ పెద్దమనిషి ఇంట్లో కుక్కర్ పేలి పప్పు అటక మీద పడిందో చెప్పేవాడు. శివశంకర్ వినేవాడు. తను చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. చచ్చిపోయినవాళ్ల ఫోటోలు, పెళ్లి ఫోటోలు. అప్పుడప్పుడు ఒకే మనిషివి రెండూ వచ్చేవి. ఒకసారి ఆ మాట చెబితే ఫరూఖ్ సైకిళ్ల తాడు ముడి విప్పి మళ్లీ బిగించాడు. అతని భార్య పోయి అప్పటికి కొన్నేళ్లయింది.

ఆదివారం తిరుగుళ్లు ఎలా మొదలయ్యాయో ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు. బహుశా ఒక శనివారం సాయంత్రం దిగేటప్పుడు, "రేపు ఇంట్లో ఏం చేస్తావు?" అని ఫరూఖ్ అడిగి ఉంటాడు. రైలెక్కి ఏదో ఒక స్టేషనులో దిగడం, సైకిళ్ల మీద తిరగడం, సాయంత్రం బండికి వెనక్కి రావడం. సంజామల వైపు శనగచేల మధ్య తిరిగారు. పెన్నలో నీళ్లొచ్చాయంటే మైలవరం డ్యాం కట్ట మీదికి పోయారు. ఒక చలికాలం ఆదివారం జమ్మలమడుగులో దిగి గండికోటకు తొక్కారు.

అక్కడ పర్యాటకులు బండల అంచున నిలబడి ఫోటోలు దిగుతున్నారు. కింద, ఎక్కడో అడుగున, పెన్న ఆకుపచ్చగా ఉంది. ఒంటికన్ను మనిషికి లోతు సరిగా తెలియదు. శివశంకర్‌కు ఆ నీళ్లు దగ్గరగా, చెయ్యి చాస్తే అందేలా కనిపించాయి. అతను ఇంకో అడుగు వేశాడు. వెనక నుంచి ఫరూఖ్ అతని చొక్కా గుప్పిట్లో పట్టుకున్నాడు.

"చూడు, చూడు. ఎంతసేపన్నా చూడు. నేను పట్టుకోనుంటా."

శివశంకర్ చాలాసేపు చూశాడు. తల్లి పోయిన తర్వాత తనను ఇంకొకరు అలా పట్టుకోవడం అదే మొదలు. ఆ మాట బయటికి చెప్పదగ్గది కాదు కాబట్టి చెప్పలేదు.

కరోనాకు బండ్లన్నీ ఆగిపోయాయి. షాపు మూతపడింది. శివశంకర్ ఇంట్లో కూర్చుని గోడలు చూశాడు. అప్పుడు తెలిసింది, ఫరూఖ్ ఫోన్ నంబరు తన దగ్గర లేదని. రోజూ కనపడే మనిషికి ఫోను చేసే అవసరం ఎప్పుడూ రాలేదు. నెలల తర్వాత ప్యాసింజరు మళ్లీ మొదలైన పొద్దున, బండి ప్లాట్‌ఫారం మీదికి వస్తుంటే అతను ఒక్కో తలుపూ వెతుక్కుంటూ చూశాడు. తలుపు దగ్గర, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, ఫరూఖ్ నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు.

"బతికే ఉండావే," అన్నాడు చెయ్యి చాస్తూ.

ఆ రోజు కూడా శివశంకర్ నంబరు అడగడం మర్చిపోయాడు. రోజూ కనపడుతున్నాడు కదా మళ్లీ.

ఆ తర్వాత రెండు మూడేళ్లు బాగానే గడిచాయి. కిందటి ఏడాది దీపావళి దాటాక ఒక సోమవారం బండి వచ్చింది, తలుపు దగ్గర ఫరూఖ్ లేడు. శివశంకర్ సైకిలు ఒక్కడే ఎక్కించుకోబోతే పెడలు పూలగంపకు తగిలి గొడవైంది. మంగళవారమూ లేడు. జ్వరమో ఏమో అనుకున్నాడు. వారం గడిచింది. పాలక్యాన్లవాళ్లను అడిగితే, "ఆ పొయ్యిలాయనా? కనపళ్లేదే," అన్నారు. గార్డు మారిపోయి ఇంకెవరో వచ్చారు.

రెండో ఆదివారం ఎర్రగుంట్ల పోయాడు. ఫరూఖ్ ఇల్లు పాలిష్‌బండల మిషన్లున్న వీధిలో అని మాటల్లో విన్నాడు గానీ ఎప్పుడూ పోలేదు. రాతిదుమ్ము కప్పిన సందుల్లో సైకిలు నడిపించుకుంటూ అడిగి అడిగి కనుక్కున్నాడు. తలుపుకు తాళం. పక్కింటి అరుగు మీద వెంకటసుబ్బమ్మ అనే ముసలావిడ చింతపండు గింజలు తీస్తోంది.

"ఎవురికోసం నాయనా?"

"ఫరూఖ్ భాయ్ ఉండాడా అవ్వా?"

"యాడుండాడు. రొమ్ములో నొప్పని పడిపోయె. కూతురొచ్చి తోలుకోని పోయింది పులివెందులకు. బతికినాడో లేదో, మాకేం తెలుసు. నువ్వెవురు?"

శివశంకర్ సైకిలు గోడకు ఆనించాడు. "నేను ఆయన సావాసగాణ్ణి," అన్నాడు.

"ఎప్పుడూ చూళ్లేదే నిన్ను," అంది అవ్వ, మళ్లీ గింజల మీదికి వంగుతూ.

పులివెందులకు రైలు లేదు. బస్సు ఉంది. కానీ బస్సులో అంత దూరం అతని వల్ల కాదు. పైగా షాపులో పెళ్లిళ్ల కాలం ఫ్రేములు గుట్టపడి ఉన్నాయి. నారాయణ మోకాళ్ల నొప్పితో షాపుకు రావడం తగ్గించాడు. ఒక ఆదివారం ఇది, ఇంకో ఆదివారం అది అని జరుగుతూ వచ్చింది. అసలు సంగతి వేరే ఉంది. పోయి కనుక్కుంటే, ఫరూఖ్ లేడు అనే మాట వినాల్సి వస్తుందేమోనని భయం. కనుక్కోకుండా ఉన్నంతకాలం అతను ఎక్కడో మంచం మీద పడుకుని ఉన్నాడు. ఆ మంచం పక్కన తను కూర్చున్నట్టు శివశంకర్ ఊహించుకునేవాడు. ఫరూఖ్ నీరసంగా చెయ్యి ఎత్తి, "వచ్చినావా శివా, నీకోసమే చూస్తాండా," అనేవాడు. రైల్లో ఒంటరిగా కూర్చుని రోజూ అదే ఊహ.

శనగ కోతలు మొదలయ్యాక ఇక ఆగలేకపోయాడు. ఆదివారం తెల్లవారుతూనే ఎర్రగుంట్ల పోయి, అక్కడ తాడిపత్రి వైపు పోయే బండెక్కి ముద్దనూరులో దిగాడు. సైకిలు గాలి చూసుకుని, తొండూరు మీదుగా పులివెందుల దారి పట్టాడు.

అంత దూరం ఒక్కడే ఎప్పుడూ తొక్కలేదు. మొదట చదునుగా ఉన్న దారి తర్వాత తర్వాత ఎగుడుదిగుడైంది. ఎక్కుడు వచ్చిన చోట దిగి నడిపించాడు. ఎడమవైపు నుంచి అడ్డదారులు కలిసే చోట లారీలు వచ్చినట్టు వినిపించేది గానీ కనిపించేవి కావు, ఆగి తల తిప్పి చూసి మళ్లీ ఎక్కేవాడు. దారి పొడవునా అతనికి కుడిపక్క ఖాళీగా అనిపించింది. తొండూరు దాటాక చీనీ బత్తాయి తోటలు, అరటి తోటలు మొదలయ్యాయి. ఒక తోట దగ్గర డ్రిప్పు పైపు బిగిస్తున్న మనిషిని నీళ్లడిగి తాగాడు.

"ఇంత ఎండలో సైకిలు మీద యాడికప్పా?"

"పులివెందులకు. బాగలేని మనిషిని చూసేకి."

"దగ్గరోళ్లా?"

"ఊఁ," అన్నాడు శివశంకర్.

ఫరూఖ్ అల్లుడి పేరు నయీం అనీ, బస్టాండు దగ్గర చెప్పుల షాపనీ అతనికి గుర్తుంది. బస్టాండు చుట్టూ రెండు సార్లు తిరిగాడు. మూడో షాపులో అడుగుతుంటే వెనక నుంచి పిలుపు వినబడింది.

"శివా! ఒరే, శివశంకరే!"

తల మొత్తం తిప్పి చూశాడు. ఎదురుగా ఉన్న చెప్పుల షాపులో, ఫ్యాను కింద, స్టూలు మీద ఫరూఖ్ కూర్చుని ఉన్నాడు. తెల్లటి లాల్చీ. గడ్డం శుభ్రంగా కత్తిరించి ఉంది. బుగ్గలు నిండాయి. ఎవరో ఆడమనిషి కాలికి చెప్పు తొడిగి సైజు చూస్తున్నవాడల్లా లేచి వచ్చాడు. చేతులకు నూనె మరకలు లేవు.

"ఏంది, సైకిలు మీద వచ్చినావా? అంత దూరం? పిచ్చోడివి నువ్వు." గట్టిగా నవ్వాడు. అల్లుణ్ణి పిలిచాడు. "నయీం, ఈయన శివశంకరని, నేను రైల్లో పోతాంటి కదా, అప్పుడు తెలిసినాయన. రైల్లో సైకిలాయన అని చెప్తాంటి చూడు."

నయీం మర్యాదగా నమస్కారం పెట్టాడు. అతనికి గుర్తొచ్చినట్టు కనిపించలేదు.

ఇంటికి తీసుకుపోయారు. కూతురు మెహతాబ్ చాప పరిచి భోజనం పెట్టింది. ఇల్లంతా మనుషులు. ఫరూఖ్ మనవరాలు అతని భుజాలెక్కి కూర్చుంది. ఎవరో వచ్చి బంధువుల పెళ్లి సంగతి మాట్లాడి పోయారు. ఎవరో తెచ్చిన కుక్కర్‌ను మూత తిప్పి చూసి, ఫరూఖ్ మాటల మధ్యలోనే బాగు చేసి ఇచ్చేశాడు. గుండెకు కడపలో ఏదో గొట్టం వేశారట. బరువులెత్తొద్దు, సైకిలెక్కొద్దు అన్నారట. అవన్నీ అతను ఊరివాళ్ల కబుర్లు చెప్పినట్టే నవ్వుతూ చెప్పాడు.

"ఒక రకంగా మంచిదే అయింది లే శివా. పొద్దున్నే లేసి ఆ సైకిలు రైలెక్కించేది, దించేది, పల్లెలెంట తిరిగేది. పీడ వదిలింది. ఆమె పోయినాంక ఇంట్లో ఉండలేక తిరిగినా గానీ, లేకుంటే ఎవురు పడతారప్పా ఆ రైలు బాధ?"

శివశంకర్ అన్నం కలుపుతూ తల ఊపాడు.

"నువ్వింకా ఎక్కిస్తాండావా సైకిలు?"

"ఎక్కిస్తాండా."

"ఒక్కడివే?"

"ఒక్కణ్ణే."

ఫరూఖ్ ఏదో అనబోయాడు. ఈలోపు మనవరాలు అతని టోపీ లాగేసి పరిగెత్తింది, అతను దాని వెంట కేకలేస్తూ పోయాడు. తిరిగి వచ్చేసరికి ఆ మాట పోయింది.

బయలుదేరేటప్పుడు మెహతాబ్ ఫోన్ నంబరు రాసి ఇచ్చింది. "నాయన ఫోను యాడ పెడతాడో ఆయనకే తెలీదన్నా. నా నంబరుకు చెయ్యి," అంది. ఫరూఖ్ మేకుకు తగిలించిన తాళంచెవుల గుత్తిలోంచి రెండు విప్పి ఇచ్చాడు. "నా సైకిలు ఎర్రగుంట్ల ఇంట్లోనే పడుంది. తుప్పు పట్టించే బదులు నువ్వే తీసుకోపో. జమ్మలమడుగు స్టేషన్లో పెట్టుకో. ఇది ఈ కొసకు, అది ఆ కొసకు. ఎత్తేది దించేది ఉండదు. నాకు అప్పుడే తోచలేదు చూడు ఈ పని."

నయీం తెలిసినవాళ్ల వ్యానులో సైకిలు వేయించి ముద్దనూరు దాకా పంపుతానన్నాడు. శివశంకర్ వద్దన్నాడు.

ఎదురుగాలి. చీనీ తోటల దాకా ఎలా తొక్కాడో అతనికే తెలియదు. వచ్చేటప్పుడు నీళ్లు తాగిన తోట దగ్గర ఆగి, గట్టు మీద కూర్చున్నాడు. పైపు బిగించిన మనిషి లేడు. చీనీ చెట్ల కింద తడి నేల మీద పిచుకలు గెంతుతున్నాయి.

ఫరూఖ్ బతికి ఉన్నాడు. చావు తప్పించుకుని, కూతురి ఇంట్లో, మనవరాలితో, ఆరోగ్యంగా ఉన్నాడు. సంతోషించాలి కదా. లోపల వెతుక్కుంటే సంతోషం దొరకలేదు. మంచాన పడి తన కోసం ఎదురుచూస్తున్న ఫరూఖ్ కావలసి వచ్చాడు తనకు. ఇన్ని నెలలూ మనసులో కాపాడుకుంటూ వచ్చింది ఆ రోగిష్టి మనిషినే. ఎంత నీచమైన కోరిక అని శివశంకర్ సిగ్గుపడ్డాడు. సిగ్గుపడినా ఆ కోరిక పోలేదు. రైల్లో తెలిసినాయన. ఆ మాటలో తప్పు కూడా లేదు. నిజంగానే రైల్లో తెలిసినవాళ్లు. గండికోట బండ మీద చొక్కా పట్టుకోవడం ఫరూఖ్‌కు గుర్తుందో లేదో. ఎదుటి మనిషి పడిపోతుంటే అతను ఎవరి చొక్కా అయినా పట్టుకుంటాడు. ఆ మాటకొస్తే మొదటి రోజు ఆ హ్యాండిలు కూడా అలాగే పట్టుకున్నాడు.

కాసేపు ఏడ్చాడు. తర్వాత కాలువలో మొహం కడుక్కుని సైకిలెక్కాడు. ముద్దనూరులో సాయంత్రం బండి అందింది.

తర్వాతి వారం ఎర్రగుంట్ల నుంచి ఫరూఖ్ సైకిలు తెచ్చాడు. రేకుపెట్టె విప్పి వెంకటసుబ్బమ్మ దగ్గర వదిలేశాడు. గొలుసుకు నూనె వేసి, టైర్లు మార్పించి, జమ్మలమడుగు స్టేషను బయట వేపచెట్టుకు కట్టేసి తాళం వేశాడు. తన సైకిలు ప్రొద్దుటూరు స్టేషనులో. ఫరూఖ్ చెప్పినట్టే ఎత్తడం, దించడం లేకుండా పోయింది. చేతులూపుకుంటూ రైలెక్కి, చేతులూపుకుంటూ దిగేవాడు. తలుపు దగ్గర నిలబడే పని లేదు, లోపల సీటు దొరికేది.

సుఖంగానే ఉంది. కానీ వారాలు గడిచేకొద్దీ ఒక సంగతి గమనించాడు. రైల్లో తనతో ఎవరూ మాట్లాడటం లేదు. ఇంతకు ముందు సైకిలును తిట్టడానికైనా మాట్లాడేవాళ్లు. "కొంచెం జరుపప్పా", "పెడలు కాలికి తగుల్తాంది", "దీన్ని ఏ కాలంలో కొన్నావు?" అనేవాళ్లు. పూలగంపల ఆడవాళ్లు హ్యాండిలుకు సంచులు తగిలించేవాళ్లు. ఇప్పుడు అతను సీటులో కూర్చున్న ఇంకో ప్రయాణికుడు, అంతే. చుట్టూ అందరూ ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. ప్రొద్దుటూరులో ఎక్కి జమ్మలమడుగులో దిగేదాకా నోరు తెరవాల్సిన పని ఉండదు. షాపులో నారాయణ ఉండడు. అద్దం కోసేటప్పుడు వచ్చే సన్నటి కీచు తప్ప చప్పుడు లేదు. ఒక సాయంత్రం షాపు మూసేటప్పుడు, ఆ రోజంతా తను ఎవరితో ఏం మాట్లాడాడా అని గుర్తు చేసుకుంటే, ఫ్రేము ఎప్పుడిస్తావని అడిగిన ఒకాయనకు "రేపు" అని చెప్పిన మాట ఒక్కటే తేలింది.

మర్నాడు తన సైకిలును మళ్లీ ప్లాట్‌ఫారం మీదికి నడిపించుకుంటూ వచ్చాడు. ఒక్కడే ఎత్తి, ఒక్కడే ఎక్కించాడు. పెడలు ఎవరిదో మోకాలికి తగిలింది.

"ఏందప్పా మళ్లా తెచ్చినావా దీన్ని?" అంది పూలగంప సుబ్బలక్ష్మమ్మ. "ఇన్నాళ్లూ యాడపోయింది?"

"స్టేషన్లో పెడతాంటి."

"బాగుండె కదా అది."

"బాగుండె," అని, సైకిలును గోడకు ఆనిస్తూ, "గాలి తీస్తాండారు అక్కా ఆడ," అని అబద్ధం చెప్పాడు. ఆమె తన సంచి తీసి హ్యాండిలుకు తగిలించింది.

అలా జమ్మలమడుగులో అతనికి రెండు సైకిళ్లయ్యాయి. వేపచెట్టు కింది సైకిలు ఊరికే పడి ఉండటం చూడలేక, దాని తాళంచెవి ఓబులేసుకు ఇచ్చాడు. ఓబులేసు కోర్టులో అటెండరు. అదే బండికి వస్తాడు, ఆటో కోసం రోజూ నిలబడేవాడు. "ఊరికేనా?" అని అనుమానంగా రెండుసార్లు అడిగి తీసుకున్నాడు. శివశంకర్ మనసులో ఒక ఆశ లేకపోలేదు. ఇద్దరూ ఒకే బండి దిగుతారు, ఒకే దారిలో ఊళ్లోకి పోతారు. కానీ ఓబులేసుకు ఎప్పుడూ తొందర. ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని మాట్లాడుకుంటూ ముందు సాగిపోతాడు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతాడు. శివశంకర్ కూడా చెయ్యి ఊపుతాడు. కొంతమందితో అంతవరకే.

ఆదివారాలు మాత్రం ఖాళీగా వదలలేదు. ఫరూఖ్‌తో పోయిన చోట్లకు పోవడం మానేసి, పోని స్టేషన్లలో దిగడం మొదలుపెట్టాడు. మొన్న ఒక ఆదివారం కోవెలకుంట్లలో దిగాడు. ఊరు దాటి చేల మధ్య మట్టిదారిలో తొక్కుకుంటూ కుందూ నది ఒడ్డుకు చేరాడు. నీళ్లు సన్నగా పారుతున్నాయి. కొంచెం దూరాన గట్టు మీద ఎవరో గొర్రెలు తోలుకుపోతున్నారు. నీడ చూసుకుని కూర్చుని గిన్నెలోంచి జొన్నరొట్టె, ఉల్లిపాయ తీశాడు. తినబోతూ ఆగి, ఎందుకో ఫోను తీసి పులివెందుల నంబరు నొక్కాడు.

మెహతాబ్ ఎత్తింది. వెనక పిల్లల అరుపులు, మిక్సీ చప్పుడు.

"అమ్మా, నేను శివశంకర్. భాయ్ ఉండాడా?"

"ఎవురు?"

"శివశంకర్ అమ్మా. ప్రొద్దుటూరు. సైకిలు మీద వచ్చింటినే."

"ఓ, సైకిలన్నా. నాయన కదిరికి పెండ్లికి పోయినాడన్నా, ఎల్లుండి వస్తాడు. ఏమన్నా పనుండెనా?"

"పనేం లేదమ్మా. ఊరికే. ఒళ్లు బాగుందా ఆయనకు?"

"బాగుండాడన్నా. మాట వినడు, అంతే. నువ్వు బాగుండావా? అన్నం తిన్యావా?"

"తింటాండా."

"యాడుండావు, గాలి శానా వినపడ్తాంది?"

"కోవెలకుంట్లలో. కుందూ కాడ."

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణే."

అవతల మిక్సీ ఆగింది. "ఈసారి వచ్చేటప్పుడు ముందుగా ఫోన్ చెయ్యన్నా," అంది. "పోయినసారి నువ్వు సరిగ్గా తినలేదు. సైకిలు మీద రాబాకు అంత దూరం, వేరే ఏదన్నా చూసుకోని రా."

సరేనన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని రొట్టె తిన్నాడు. గిన్నె ఏట్లో కడిగి, సంచిలో పెట్టి, సీటు మీద పడ్డ ఆకులు దులిపాడు. బండికి ఇంకా చాలా పొద్దుంది. స్టేషనుకు నేరుగా పోయే దారి వదిలి, గొర్రెలు పోయిన గట్టు వెంబడి తొక్కుకుంటూ పోయాడు.